రైతు ఇంటికి వెళ్తున్నాం, మాట్లాడుతున్నాం. చెప్పింది మాత్రం జరగడం లేదు. లోపం ఎక్కడ?

ప్రశ్న: వ్యవసాయ విస్తరణ పనిలో, అంటే రైతులకు సాగు మెలకువలు చేరవేసే పనిలో, రోజుకు ఎనిమిది ఇళ్లు తిరగాలని లెక్క పెట్టారు. ఇంటికి పది నిమిషాలు, నాలుగు సలహాలు, రిజిస్టరులో సంతకం. రైతులు "అలాగేనండీ" అంటారు. మళ్లీ వెళ్తే ఏమీ మారి ఉండదు. ఈ పద్ధతిని సరిగ్గా ఎలా నడపాలి?

జవాబు: ఎనిమిది అన్నచోటే తేడా వచ్చిందండీ. పొలం చూసి, ఇంటివాళ్లతో మాట్లాడి, రాసిచ్చి రావాలంటే ముప్పావుగంటకు తక్కువ పట్టదు. దారి కూడా కలుపుకుంటే రోజుకు మూడో నాలుగో అవుతాయి. ఇంత సమయం తినే పద్ధతిని అన్నిటికీ వాడకూడదు. విత్తనశుద్ధి (విత్తే ముందు విత్తనానికి మందు పట్టించడం) లాంటిది ఇరవై మందిని ఒకచోట కూర్చోబెట్టి చేసి చూపించొచ్చు. ఆ ఒక్క చేనుకే వచ్చిన సమస్య, నలుగురిలో చెప్పుకోలేని అప్పు, పోయినసారి నేర్పింది అమలైందో లేదో చూడటం, ఇలాంటివాటికే గడప తొక్కాలి.

బయల్దేరే ముందు ఆ ఇంటి పాత కార్డు, అంటే పోయినసారి వెళ్లొచ్చి రాసుకున్నది, చదవండి. "పంట ఎలా ఉందో చూద్దామని" అనేది పని కాదు. "రెండో దఫా యూరియా పడిందా, పడకపోతే ఏం అడ్డొచ్చింది" అనేది పని. ముందు చేను, తర్వాతే ఇల్లు. గట్టు మీద నిలబడి చూస్తే మోసపోతాం. గట్టు పక్క వరుసలకు గాలీ వెలుతురూ ఎక్కువ, పురుగులు చాలావరకు అటునుంచే దిగుతాయి. నాలుగైదు వరుసలు వదిలి లోపలికి నడిచి, ఐదు చోట్ల ఆగి, చోటుకు నాలుగు మొక్కల చొప్పున ఆకుల అడుగు భాగం కూడా చూడండి. లెక్క రైతు చేతే పెట్టించండి. భూతద్దం ఇచ్చేటప్పుడు దాన్ని కంటికి ఆనించి, ఆకును దగ్గరికి తెచ్చుకోమనండి. చాలామంది పేపరు చదివినట్టు దూరంగా పట్టుకుంటారు; ఏమీ కనపడదు, మొహమాటానికి "ఆ, కనిపిస్తోంది" అంటారు.

ఇంకొకరు: దీనికి తోడు, చూడకుండానే మందు పేరు చెప్పేసే అలవాటు ఒకటుంది. టమాటా మొక్క పచ్చగా ఉండగానే వడలిందనుకోండి. మొదలు దగ్గర వేలెడు కాడ కోసి, కోసిన కొన కిందికి ఉండేలా గాజుగ్లాసులోని శుభ్రమైన నీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి దారాలు దిగితే అది బాక్టీరియా ఎండుతెగులు. ఇక ఏ మందు కొట్టినా డబ్బు దండగే. మొక్క పీకి దూరంగా పారేయాలి, అక్కడి నీరు కింది మడిలోకి పారకుండా చూడాలి, తర్వాతి పంటగా వంకాయ, మిరప, బంగాళాదుంప పెట్టొద్దు. దారాలు రాకపోతే వేళ్లు కడిగి బుడిపెలున్నాయేమో, కాడ చీల్చి లోపల గోధుమరంగు చారలున్నాయేమో చూడండి. అప్పటికీ తేలకపోతే "శుక్రవారం చెప్తాను" అనడంలో నామోషీ లేదు. శుక్రవారం వెళ్లకపోవడమే నామోషీ.

నమూనా తెచ్చేటప్పుడు ఆకును పేపర్లో చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి దారిలోనే కుళ్లుతుంది. నులిపురుగుల (వేళ్లకు బుడిపెలు కట్టించే సన్నటి పురుగులు) అనుమానముంటే దీనికి వ్యతిరేకం: వేళ్లను మట్టితో సహా ప్లాస్టిక్ సంచిలోనే వేయాలి, ఎండకూడదు. కోళ్లఫారాలకు వెళ్తే ఆరోగ్యంగా ఉన్న షెడ్డు ముందు, జబ్బు షెడ్డు ఆఖర్న. బూట్ల మీద మట్టి, రెట్ట ముందు కడిగాకే క్రిమిసంహారకంలో ముంచాలి. మురికి మీద అది సరిగా పనిచేయదు.

మళ్లీ ప్రశ్న: మందు మోతాదు చీటీ రాసిస్తూనే ఉన్నాం. అయినా తప్పు కలుపుతున్నారు.

జవాబు: చీటీ మీద "లీటరుకు 2 మిల్లీలీటర్లు" అని ఉంటే, కలిపే మనిషి గట్టు మీద గుణకారం చేసుకోవాలి. అక్కడున్న స్ప్రేయరు ట్యాంకు 16 లీటర్లదైతే "ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు" అని రాయండి. సీసా మూతతో కొలవనివ్వొద్దు, మూతలన్నీ ఒకే కొలతలో ఉండవు, కొలతగ్లాసు చూపించండి. ఎన్ని ట్యాంకులో కూడా తేల్చాలి: ఉత్తనీళ్లు నింపి కొట్టించి, తడిసిన నేల కొలవండి. ట్యాంకుకు 400 చదరపు మీటర్లు తడిస్తే ఎకరానికి పది ట్యాంకులు. "కొట్టాక ఏడు రోజులు కోయొద్దు" అనే బదులు కోయగల తేదీనే వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, మందు కొట్టేది కూలిమనిషైతే చీటీ యజమాని జేబులో ఉండి ఉపయోగం లేదు.

ఇంకొకరు: అసలు "ఈ పని ఇంట్లో ఎవరు చేస్తారు?" అని అడిగారా? విత్తనం దాచేది, దూడకు పాలు పట్టేది ఇంటావిడైతే, ఆయనకు ఎంత చెప్పినా ఆమెకు చేరేది సగమే. ఆమె కొట్టంలో ఉండే వేళకు అక్కడికే వెళ్లండి. పిలిచి కూర్చోబెడితే భర్త వైపు చూసి ఊరుకుంటారు.

మరొకటి. రోడ్డు పక్కన, నవ్వుతూ ఎదురొచ్చే నాలుగిళ్లకే కాళ్లు పోతుంటాయి. కార్డులు నెలకోసారి పరిచి చూస్తే ఎవరిని వదిలేశామో తెలుస్తుంది. కార్డు అక్కడ కూర్చుని నింపితే దర్యాప్తులా ఉంటుంది. బయటికొచ్చాక రాయండి: తేదీ, ఎవరు కలిశారు, ఎన్ని మొక్కల్లో ఏం కనపడింది, ఏం చేస్తామన్నారు (వాళ్ల మాటల్లోనే), మళ్లీ ఎప్పుడు. ఆ "చేస్తామన్న" పని జరగకపోతే ఎందుకు చెయ్యలేదని నిలదీయకండి. స్ప్రేయరు దొరకలేదా, కూలీలు రాలేదా, చేతిలో డబ్బు లేదా అని విడివిడిగా అడిగితే చెప్తారు.