గుమ్మంలో నిలబడొచ్చు, గడప మీద నిలబడకూడదు

పోయిన ఆదివారం పొద్దున్నే విశాఖ వన్‌టౌన్ వెళ్లాను. పాత పోస్టాఫీసు వైపు సందుల్లో రాతి ద్వారాలున్న ఇళ్లు ఇంకా ఒకటీ అరా ఉన్నాయి. అవి పడగొట్టేలోగా ఫొటోలు తీసి పెట్టుకోవాలని నా ఆరాటం. ఒక ఇంటి దగ్గర, పై రాతి మీది పద్మం బాగా పడాలని ఫోన్ ఎత్తి పట్టుకుని, చూసుకోకుండా ఓ కాలు గడప మీద పెట్టేశాను. లోపల బియ్యం చెరుగుతున్న మామ్మగారు చేట ఆపకుండానే అన్నారు: "గడప మీంచి కాలు తియ్యి నాయనా. గుమ్మంలో ఎంతసేపు నిలబడతావో నిలబడు."

ఇంటికొచ్చి చూసుకుంటే 18 ఫొటోలు. ఒక్కదాంట్లోనూ గడప పడలేదు! "రాతి గుమ్మం" అని పేరు పెట్టబోయి ఆగాను. ఆవిడ మాటలోనే ఉంది కదా తేడా. గుమ్మం*లో*, గడప *మీద*. నా లెక్కలో గుమ్మం అంటే మనుషులు వచ్చిపోయే ఖాళీ. రాయో కర్రో అయినది ద్వారబంధం. దాని అడుగు కమ్మి గడప. అందుకే గుమ్మంలో ఎదురుపడతాం, గడప దాటతాం. వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం అంటాం గానీ గుమ్మానికి పసుపు రాశామని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. పసుపు గడపకే.

ఒప్పుకుంటారా?

కడప నుంచి ఒకరు: గడప గురించి మాట్లాడుతూ మా ఊరిని వదిలేస్తే ఎట్లా సార్? తిరుమలకి గడప కాబట్టి దేవుని కడప. అసలు మీ కోస్తావాళ్ల వాకిలి సంగతి తేల్చండి ముందు. మేం రాత్రి పడుకునేముందు వాకిలి వేస్తాం. మీరేమో పొద్దున లేచి వాకిలి ఊడుస్తారు.

నేను: నిజమే సార్, మాకు వాకిలి అంటే ముగ్గేసే చోటు, మీకు తలుపు. మీదే పాత అర్థానికి దగ్గరనిపిస్తుంది. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు, రెండూ ద్వారాలే. "వాయి" అంటే నోరు. పెదవిని వాతెర అన్నారంటే నోటికి తెర అనే కదా. ఇంటికి నోరు వాకిలి. మా వైపు ఆ నోరు కాస్త ముందుకు సాగి ముంగిలి అయిపోయింది.

అనకాపల్లి నుంచి ఒక మాస్టారు: బాబూ, నీ సూత్రం బాగుంది గానీ పెన్షన్ కోసం నేనెక్కని గుమ్మం లేదు. ఖాళీని ఎలా ఎక్కానంటావు?

నేను: మాస్టారూ, దెబ్బ కొట్టారు. ఆ ఎక్కడం మెట్లదేమో. పాత ఇళ్లకి అరుగులెత్తు, గుమ్మంలోకి రావాలంటే నాలుగు మెట్లు ఎక్కాల్సిందే. కానీ ఊరిని లెక్కపెట్టేటప్పుడు చూడండి, "ముప్పై గడపల ఊరు" అంటాం, ముప్పై గుమ్మాల ఊరు అనం. ఒక ఇంటికి గుమ్మాలు ఎన్నైనా ఉంటాయి, కుటుంబానికి మాత్రం గడప ఒక్కటే.

మాస్టారు: సరే, ఈ ముక్క ఒప్పుకున్నా. పై రాతి మీద పద్మం అన్నావే, గుడి ద్వారానికైతే ఆ నడిమి బొమ్మని లలాటబింబం అంటారు. లలాటం అంటే నుదురు. చాలా గుళ్లలో అక్కడ గజలక్ష్మి ఉంటుంది. మా దగ్గరి శంకరం ఊరు వచ్చి బొజ్జన్నకొండ గుహ చూడు. ద్వారానికి అటూ ఇటూ నిలువెత్తు ద్వారపాలకులు, పైన కూర్చున్న బుద్ధుడు. సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువులుండే చోటు, ఆ మాటే నలిగి నలిగి శంకరం అయిందని నీకు తెలిసే ఉంటుంది. ఇంకోటి, గడపని సంస్కృతంలో దేహళి అంటారు. అందుకే దేహళీదత్తదీపన్యాయం. గడప మీద దీపం పెడితే లోపలికీ బయటికీ వెలుగు. పద్యంలో ఒకే మాట ముందున్నదానికీ వెనకున్నదానికీ అన్వయిస్తే ఈ న్యాయమే చెబుతాం.

మధురవాడ నుంచి ఒకమ్మాయి: భాష సరే అన్నయ్యా, 18 ఫొటోల్లో గడప ఎందుకు పోయిందో చెప్పనా? సందు ఇరుకు, వెనక్కి జరిగే చోటు లేదు, ఫోన్ పైకి వంచి ఉంటారు. అలా వంచితే నిలువు రాళ్లు రెండూ పైకెళ్లేకొద్దీ దగ్గరికి వచ్చేస్తాయి, ద్వారం వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. నడుము ఎత్తులో నిటారుగా పట్టుకోండి. గడపా పడుతుంది, రాళ్లూ తిన్నగా ఉంటాయి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే వెళ్లండి. నడినెత్తిన సూర్యుడుంటే చెక్కడం చదునుగా తేలిపోతుంది. గుడి ఎటు చూస్తోందో కూడా చూసుకోవాలి. మన సింహాచలం పడమటి ముఖం కదా, దాని ముందుభాగానికి వెలుగు సాయంత్రమే.

నేను: థాంక్సమ్మా. ఇవాళ మళ్లీ వెళ్లొచ్చాను. ఈసారి వీధిలో గొంతుక్కూర్చుని తీశాను. ఆరున్నర ఎండ పక్క నుంచి పడేసరికి కనిపించింది, గడప రాయి నడిమధ్య గరిటెలా పల్లం పడి ఉంది. చివర్లు మాత్రం పలకలా పదునుగానే ఉన్నాయి. తొక్కకూడదని ఎంత చెప్పినా ఎన్ని కాళ్లు పడితే రాయి అలా అరగాలి! ఆ పల్లంలో రాత్రి కురిసిన వాన నీళ్లు రెండు చెంచాలు, అందులో ఆకాశం.

మామ్మగారికి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని, ఫోన్ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "పసుపు రాసేదాకా ఆగలేకపోయావా?" అన్నారు.