శ్రీలంక మిరియాల లోడ్ పోర్టులో ఆగింది. ఫ్రీ ట్రేడ్ అంటే ఇదేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

బేగంబజార్_మిరియం:
కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. బేగంబజార్‌లో మాది మసాలా దినుసుల కొట్టు. నాన్న హయాం నుంచి కేరళ సరుకే. ఈసారి నేను తెలివి చూపించి నేరుగా కొలంబో పార్టీ దగ్గర ఒక ఇరవై అడుగుల కంటైనర్ మిరియాలు బుక్ చేశాను. లెక్క చాలా సింపుల్‌గా కనిపించింది. మామూలుగా మిరియాల మీద కస్టమ్స్ సుంకం 70 శాతం, అదే సాఫ్టా, అంటే దక్షిణాసియా దేశాల ఫ్రీ ట్రేడ్ ఒప్పందం కింద శ్రీలంక సరుకైతే 8 శాతం. అక్కడి వాణిజ్య శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కూడా చేతిలో ఉంది, ముద్ర, సంతకం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరుకు చెన్నైలో దిగాక ఆఫీసర్ ఆ కాగితం పక్కన పెట్టి, ఈ మిరియాలు శ్రీలంకలోనే పండాయని మీకెలా తెలుసు, ఆధారాలు చూపించండి అని లెటర్ పంపాడు. నాకెలా తెలుస్తుంది సార్, నేనేమన్నా తీగ ఎక్కి కోసుకొచ్చానా? కొలంబో ఆయనకి ఫోన్ చేస్తే రైతుల వివరాలు బిజినెస్ సీక్రెట్ అంటున్నాడు. సరుకు పోర్టులో ఆగినందుకు రోజూ డెమరేజ్ పడుతోంది, కంటైనర్ ఖాళీ చేసి తిరిగివ్వనందుకు డిటెన్షన్ దానికి వేరే. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

సనత్‌నగర్_సీహెచ్ఏ:
తమ్ముడూ, ముందు నాన్నకి చెప్పు. ఎందుకంటే ఇప్పుడు డబ్బు కావాలి.

నేను ఇరవై ఏళ్లుగా సీహెచ్ఏని, అంటే కస్టమ్స్‌లో సరుకు విడిపించే క్లియరింగ్ పనిలోనే ఉన్నా. ఒకప్పుడు ఆ సర్టిఫికెట్ పెడితే చాలు, సుంకం తగ్గించి వదిలేసేవాళ్లు. 2020 బడ్జెట్‌లో కస్టమ్స్ చట్టంలోకి 28డీఏ అనే సెక్షన్ తెచ్చారు, అదే ఏడాది సెప్టెంబర్ 21 నుంచి కారోటార్ అని, ఒప్పందాల కింద వచ్చే సరుకు ఏ దేశానిదో తేల్చే రూల్స్ అమల్లోకి వచ్చాయి. అప్పట్నుంచి సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరిపోదు, సరుకు ఎక్కడ, ఎలా తయారైందో దిగుమతిదారు దగ్గర సమాచారం ఉండాలి, ఐదేళ్లు దాచాలి కూడా. ఫారం-1 అని ఒకటుంది, అందులో అడిగే వివరాలు కంటైనర్ ఎక్కకముందే సప్లయర్ దగ్గర తీసుకుని పెట్టుకోవాలి. నువ్వు అడిగి ఉండవు, చాలామంది అడగరు, అడిగితే పార్టీ ఏమనుకుంటాడో అని మొహమాటం. ఆఫీసర్ అడిగిన రోజు నుంచి పది పనిదినాలు టైమ్ ఉంటుంది, ఆదివారాలు సెలవులు తీసేసి లెక్కపెట్టుకో.

మిరియాల మీదే ఎందుకింత అనుమానం అంటే దానికో చరిత్ర ఉంది. వియత్నాం మిరియాలు కొలంబోలో దిగి, గోతాలు మారి, శ్రీలంక సరుకుగా ఇక్కడికి వచ్చేవి. కేరళ, కర్ణాటక రైతులు గోల పెడితే 2017 డిసెంబర్‌లో మన ప్రభుత్వం కిలోకి 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది. మనోళ్లు ఊరుకుంటారా, బిల్లు మీద 500 పైన రాయించి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అంతకు ముందు వనస్పతి కథ ఇంకా పెద్దది. సాఫ్టా కాకుండా శ్రీలంకతో మనకి విడిగా ఉన్న ఒప్పందం 2000 మార్చిలో అమలైందో లేదో, మలేషియా, ఇండోనేషియా పామాయిల్ కొలంబోలో వనస్పతిగా మారి సుంకం లేకుండా దిగడం మొదలైంది. చివరికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నులు అని హద్దు గీశారు. ఇవన్నీ ఆఫీసర్ల మనసులో ఉంటాయి తమ్ముడూ, నీ మొహం చూసి అడిగింది కాదు.

నీకు ఒక రకంగా అదృష్టం ఏంటంటే మిరియాలు పంట. పంటకి అక్కడే పండిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. అదే తయారైన వస్తువైతే ముడిసరుకు ఎంత, అక్కడ చేరిన విలువ ఎంత శాతం, కస్టమ్స్‌లో వస్తువుకిచ్చే హెచ్‌ఎస్ కోడ్ మొదటి నాలుగు అంకెలు మారాయా, ఆ లెక్కలకే నెల పడుతుంది. కొలంబో పార్టీ రైతుల దగ్గర కొన్న చీటీలు, గోడౌన్‌కి తెచ్చిన లారీ రసీదులు, ఎండబెట్టి జల్లెడ పట్టిన చోట రిజిస్టర్ కాపీలు అడుగు. ఇవ్వనంటే ఆ మనిషి మీద నాకే అనుమానం వస్తుంది.

ఖుబానీ_అక్క:
నాది దిగుమతి వ్యాపారం కాదు, మెహదీపట్నంలో క్యాటరింగ్. కానీ దెబ్బ మా వంటింటికి కూడా తగిలింది కాబట్టి రాస్తున్నా. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పంజాబ్‌లో పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి అట్టారీ గేటు మూసేశారు కదా. అఫ్గాన్ డ్రైఫ్రూట్స్ పాకిస్తాన్ మీదుగా వచ్చేది అటే. అఫ్గానిస్తాన్‌తో మనకి గొడవేం లేదు, సుంకం కూడా లేదు, కానీ దారి మధ్యలో ఉన్నవాడితో గొడవ. నాకు అప్పటికే రెండు పెళ్లిళ్ల ఆర్డర్లు, మెనూలో ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా రాసేసుకున్నారు. కొట్టాయన, అక్కా టర్కీ ఖుబానీ ఉంది తీసుకెళ్లు అన్నాడు. అది నారింజ రంగులో మెత్తగా చూడ్డానికి ముద్దొస్తుంది గానీ లోపల గింజ ఉండదు. మన పద్ధతిలో గింజ పగలగొట్టి లోపలి పప్పు తీసి పైన చల్లాలి కదా, అది లేకపోతే పెద్దవాళ్లు ఒక్క చెంచాతో పట్టేస్తారు. బాదం చీల్చి వేశాను. పెళ్లికూతురి నానమ్మ నన్ను పిలిచి మరీ "యే క్యా హై బేటా" అని అడిగింది. కొన్నాళ్లకి ఆగిపోయిన లారీలు కొన్నిటిని వదిలారు, కానీ రేటు మాత్రం వెంటనే దిగలేదు.

ఊరికే_వచ్చా:
పక్క దేశాలతో వ్యాపారమే వద్దు. అన్నీ ఇక్కడే పండించుకుంటే ఈ పరేషాన్ ఉండదు.

మదీనా_హోల్‌సేల్:
@ఊరికే_వచ్చా భయ్యా, నువ్వు వేసుకున్న టీషర్ట్ కాలర్ తిప్పి చూడు ముందు.

నా సంగతి చెప్తా. పత్తర్‌గట్టి దగ్గర మా షాపు, కోల్‌కతా ఏజెంట్ ద్వారా బంగ్లాదేశ్ టీషర్టులు, పిల్లల ప్యాంట్లు తెప్పించేవాళ్లం. వాళ్లు వెనుకబడిన దేశాల లిస్టులో ఉన్నారు కాబట్టి 2011 నుంచి వాళ్ల బట్టలకి మన దగ్గర సుంకం లేదు. బెంగాల్ సరిహద్దులో పెట్రాపోల్ దగ్గర లారీ దాటితే నాలుగైదు రోజుల్లో సరుకు షాపులో ఉండేది. 2025 ఏప్రిల్‌లో వాళ్లు మన నూలు రోడ్డు మార్గంలో రావద్దన్నారు. మే 17న, శనివారం, మనవాళ్లు రెడీమేడ్ బట్టలు ఇక రోడ్డు మీద రావద్దు, ముంబై దగ్గరి న్హవా షేవా లేదా కోల్‌కతా ఓడరేవుల్లోనే దిగాలి అన్నారు. నిషేధం అనరు చూడండి, దారి మాత్రమే మార్చారు. కానీ మాలాంటి చిన్నోళ్లకి అది నిషేధమే. ఓడలో కంటైనర్ నిండా తెప్పించే శక్తి నాకెక్కడిది? బక్రీద్‌కి ముందు కట్టిన అడ్వాన్స్ ఏజెంట్ దగ్గర చిక్కుకుంది, సగం తిరిగొచ్చింది, మిగతా సగం "సర్దుతా భాయ్" దగ్గరే ఉంది. ఇప్పుడు తిరుపూర్ సరుకు అమ్ముతున్నా. బాగానే ఉంటుంది, కాకపోతే 99 రూపాయల గంపలో వేసే సరుకు కాదది.

అశ్వారావుపేట_గెల:
ఇంకో వైపు కూడా చెప్పనివ్వండి. చదువు కోసం హైదరాబాద్‌లో ఉన్నా, ఊళ్లో మాకు ఆయిల్‌పామ్ తోట ఉంది. మీరంతా సుంకం తగ్గితే బాగుండు అంటున్నారు, మాకు సుంకం తగ్గితే గెల రేటు పడుతుంది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద సుంకం అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి, రిఫైన్డ్ మీద 13.75 నుంచి 35.75కి పెంచారు. నాన్న ఆ రోజు ఫోన్ చేసి మరీ సంతోషపడ్డాడు. కొన్ని నెలలకే నేపాల్ నుంచి రిఫైన్డ్ సోయా నూనె ట్యాంకర్లు దిగడం మొదలైంది, సుంకం సున్నా. నేపాల్‌లో అంత సోయా ఎక్కడ పండుతుంది? ముడి నూనె బయటి దేశాల నుంచి తెచ్చుకుని, శుద్ధి చేసి, మన వైపు పంపుతారు. ఒప్పందం ప్రకారం కనీసం 30 శాతం విలువ అక్కడే చేరాలి. నూనె శుద్ధి చేస్తే అంత విలువ ఎక్కడ చేరుతుందని ఇక్కడి మిల్లులు అడుగుతున్నాయి. 2025 మే చివర్లో ధరలు మండుతున్నాయని ముడి నూనె మీద సుంకం మళ్లీ 16.5కి దించారు. కాబట్టి మిరియం అన్నా, ఏమనుకోకు, ఆ ఆఫీసర్ నిన్ను అడిగిన ప్రశ్న మా దృష్టిలో సరైనదే. మా నూనె దగ్గర ఇంకా గట్టిగా అడగాలి.

బేగంబజార్_మిరియం:
@అశ్వారావుపేట_గెల నిజమే తమ్ముడూ, తప్పు పట్టను. కానీ దొంగ సరుకు తెచ్చేవాడు ముందే అన్ని కాగితాలు రెడీ చేసుకుంటాడు, ఇరుక్కునేది మాలాంటి తెలియనోళ్లమే. ఇంకో డౌట్. ఒప్పందం ఉంది, సర్టిఫికెట్ ఉంది, అయినా ఒప్పుకోవట్లేదు అంటే డబ్ల్యూటీవోలో, అదే ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేయొచ్చా? మా బావమరిది వేయమంటున్నాడు.

రాత్రిపూట_లాయర్:
మీ బావమరిదికి నా నమస్కారాలు. వేయలేరండి. డబ్ల్యూటీవోకి ప్రభుత్వాలే వెళ్లాలి. సాఫ్టాలో వివాదాల ఏర్పాటు ఉంది గానీ అదీ దేశాల మధ్యే. మీ తరఫున కొలంబో ప్రభుత్వం ఢిల్లీ మీద ఫిర్యాదు చేయాలి, ఒక్క కంటైనర్ కోసం ఎవరు చేస్తారు?

చిన్న దేశం ధైర్యం చేసిన సందర్భం మాత్రం ఒకటుంది. బంగ్లాదేశ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల మీద మరీ తక్కువ ధరకి దింపుతున్నారని మనం యాంటీ డంపింగ్ సుంకం వేస్తే, 2004 జనవరిలో వాళ్లు డబ్ల్యూటీవోలో సంప్రదింపులు కోరారు, ఫిర్యాదులో మొదటి మెట్టు అదే. అత్యంత వెనుకబడిన దేశాల్లో అలా ఫిర్యాదు చేసిన మొదటి దేశం అదే. కేసు వినే ప్యానెల్ దాకా వెళ్లలేదు, 2005లో మనమే ఆ సుంకం ఎత్తేశాం. ఇప్పుడైతే 2019 డిసెంబర్ నుంచి అప్పీలు బెంచి పనిచేయడం లేదు, జడ్జీల నియామకాలకి అమెరికా అడ్డుపడింది. మన చక్కెర సబ్సిడీల కేసే చూడండి, 2021 డిసెంబర్‌లో ప్యానెల్ మనకి వ్యతిరేకంగా చెప్పింది, మనం అప్పీలు చేశాం, వినేవాళ్లు లేరు, అది అలాగే ఉంది.

మీకు పనికొచ్చేది మన కోర్టులే. నాకు బాగా ఇష్టమైన కేసు ఒకటి చెప్తా. పుల్వామా తర్వాత 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ నుంచి వచ్చే సరుకు మొత్తం మీద 200 శాతం సుంకం వేశారు. నోటిఫికేషన్ ఈ-గెజిట్‌లోకి ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాలకి. అదే రోజు పొద్దున అట్టారీలో బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి డిక్లరేషన్ వేసి పాత రేటు లెక్క కట్టుకున్నవాళ్లని కూడా 200 శాతం కట్టమన్నారు. ప్రభుత్వం వాదన, తేదీ ఒకటే కాబట్టి ఆ రోజంతా వర్తిస్తుంది అని. 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కుదరదంది, గెజిట్ ఎక్కిన నిమిషం నుంచే, అంతకు ముందు వేసిన బిల్లులకి కాదు. జీ.ఎస్. ఛఠా రైస్ మిల్స్ కేసు, తీరిక దొరికితే చదవండి, నిమిషాలు సెకన్లు లెక్కపెట్టారు.

అయితే మీ విషయంలో రూలే అడగమంటోంది, కాబట్టి ఇప్పుడే హైకోర్టులో రిట్ వేయడం దండగ. పది పనిదినాల్లో దొరికినంత జవాబివ్వండి. వాళ్లకి నమ్మకం కుదరక శ్రీలంక అధికారులకి వెరిఫికేషన్ రాస్తే, అది తేలేదాకా సరుకు అక్కడే ఉంచక్కర్లేదు, ప్రొవిజనల్‌గా విడిపించుకోవచ్చు. సుంకం తేడాకి సెక్యూరిటీ అడుగుతారు.

సనత్‌నగర్_సీహెచ్ఏ:
అందుకే నాన్నకి చెప్పమన్నా. 70కి 8కి తేడా 62 శాతం, దానికి బ్యాంక్ గ్యారంటీ. సరుకు విలువ ఎనభై లక్షలనుకుంటే యాభై దాకా గ్యారంటీ. బ్యాంకువాడు ఊరికే ఇవ్వడు, ఎఫ్‌డీ పెట్టమంటాడు.

బేగంబజార్_మిరియం:
అప్‌డేట్. అడిగినవాళ్లందరికీ కలిపి రాస్తున్నా, నెల రోజులైంది.

నాన్నకి చెప్పాను. తిట్టలేదు, అదే భయమేసింది. చెల్లి పెళ్లి కోసం వేసిన ఎఫ్‌డీ మీద గ్యారంటీ తీయించాడు. కొలంబో పార్టీకి సీహెచ్ఏ అన్న చెప్పినట్టే రాశాను, కాగితాలు ఇవ్వకపోతే మిగతా పేమెంట్ ఆపుతానన్నాను, రెండు రోజుల్లో బిజినెస్ సీక్రెట్ కాస్తా ఈమెయిల్‌లో వచ్చింది. మాతలే వైపు రైతుల దగ్గర కొన్న చీటీలు, అన్నీ సింహళంలో. గుండ్రటి అక్షరాలు చూసి మొదట మన తెలుగేమో అనుకున్నా. ఇంగ్లీషులోకి మార్పించి ఇస్తే ఆఫీసర్ చదివి వెరిఫికేషన్‌కి పంపాడు, సరుకు మాత్రం బాండ్ మీద వదిలాడు. మొన్న రాత్రి గోడౌన్‌లో దించాం. గింజ బరువుగా ఉంది, ఘాటు కూడా బాగుంది, హోటళ్లవాళ్లు అప్పుడే శాంపిల్ అడుగుతున్నారు. డెమరేజ్, డిటెన్షన్ పోగా ఈ లోడ్‌లో లాభం లేదు.

మదీనా_హోల్‌సేల్:
ముబారక్ భయ్యా. నా అడ్వాన్స్ సంగతి ఇంకా "సర్దుతా" దగ్గరే ఉంది.

సనత్‌నగర్_సీహెచ్ఏ:
బాగుంది తమ్ముడూ. గ్యారంటీ ఎప్పటిదాకా వేయించావు? శ్రీలంక నుంచి జవాబు లేటైతే మధ్యలో గడువు అయిపోతుంది. ఆటో రెన్యువల్ క్లాజ్ ఉందా?

బేగంబజార్_మిరియం:
అదేంటి అన్నా, అది కూడా చూసుకోవాలా? కాగితం నాన్న బీరువాలో ఉంది. పొద్దున చూసి చెప్తా.