నాన్నకి చేప వాసన పడదు, ఒబోన్ సెలవుల్లో ఎటు తీసుకెళ్లాలి?

కవాసాకి_కుర్రోడు
అందరికీ నమస్కారం. అమ్మానాన్న మొదటిసారి జపాన్ వస్తున్నారు, ఆగస్టు 6 నుంచి మూడు వారాలు. నాకు సెలవు దొరికేది ఒబోన్‌కే, అంటే ఇక్కడి పితృదేవతల పండగకి, 11 నుంచి 16 దాకా. క్యోటో, ఒసాకా వైపు అనుకుంటున్నాం. నాలుగు సందేహాలు.
1) జేఆర్ పాస్ (ఇన్ని రోజులని జేఆర్ రైళ్లలో తిరగనిచ్చే టికెట్) కొనాలా?
2) పెద్ద సూట్‌కేసులు షింకన్‌సెన్‌లో (బుల్లెట్ రైల్లో) ఎక్కనిస్తారా?
3) నాన్న శుద్ధ శాకాహారి. చేప వాసన తగిలితే కంచం ముందు నుంచి లేచిపోతారు. ఏం పెట్టాలి?
4) ఎండలు నిజంగా అంత ఘోరమా? "ఏలూరు ఎండ చూసినవాణ్ణి, నాకు చెప్తావేంట్రా" అంటున్నారు.

గున్మా_గోదారి
నాలుగోది ముందు. 2025 ఆగస్టు 5న మా పక్క ఊరు ఇసెసాకిలో 41.8 డిగ్రీలు కాసింది. దేశం మొత్తానికి రికార్డు. ఏలూరులో మధ్యాహ్నం రెండింటికి మీ నాన్నగారు ఎక్కడుంటారు? ఫ్యాను కింద, మడత మంచం మీద. ఇక్కడ అదే రెండింటికి మీరు ఆయన్ని క్యోటోలో కొండమీది ఫుషిమి ఇనారి గుడి మెట్లెక్కిస్తారు. అదీ తేడా. పైగా ఉక్క. చొక్కా పిండితే బిందె నిండుతుంది.

నిషికసాయి_అక్క
జేఆర్ పాస్ మీకు రాదు తమ్ముడూ, రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకి ఇవ్వరు. విజిటర్లుగా వచ్చే అమ్మానాన్నలకి వస్తుంది. కానీ 2023 అక్టోబరులో 7 రోజుల పాస్ 29,650 నుంచి ఒక్కసారిగా 50,000 యెన్లు చేశారు. టోక్యో నుంచి క్యోటో రానూపోనూ 28 వేలు అవుతుందేమో. లెక్క మీరే వేసుకోండి.
అసలు సంగతి సీట్లు. ఒబోన్‌లో నొజొమి (అన్నిటికంటే వేగంగా పోయే బుల్లెట్ రైలు) మొత్తం రిజర్వేషనే. సరిగ్గా నెల ముందు పొద్దున 10 గంటలకి అమ్మకం మొదలవుతుంది, ఫోను చేతిలో పెట్టుకుని కూర్చోండి. నేను ఆ పని చెయ్యక పిల్లాణ్ణి చంకనేసుకుని టోక్యో నుంచి నగోయా దాకా తలుపు దగ్గర నిలబడ్డాను. మా వారు ఇప్పటికీ ఆ మాటెత్తరు, నేను ఎత్తనివ్వను.

సోబా_సుబ్బారావు
తిండికి బెంగెందుకండీ. జారు సోబా! చల్లగా ఉంటుంది, ఎండాకాలానికి దివ్యం. పిండితో చేసిన నూడుల్సు, పక్కన చిన్న గిన్నెలో నల్లటి పులుసు. తొమ్మిదేళ్లుగా తింటున్నాను, నేనూ శాకాహారినే. చేప ముక్క ఒక్కటీ కనపడలేదు.

ఎన్1_ఏకలవ్య
సుబ్బారావు గారూ, తొమ్మిదేళ్లుగా మీరు చేప పులుసు తాగుతున్నారు. ఆ నల్లటి ద్రవం పేరు త్సుయు. దానికి ప్రాణం కత్సువొబుషి. చేపని పొగబెట్టి, ఎండబెట్టి, కట్టెలా గట్టిపడ్డాక వడ్రంగి చిత్రిక పట్టినట్టు పొట్టు తీస్తారు. ఆ పొట్టు మరిగించిన నీళ్లే దాషి. ముక్క కనపడదు, వడగట్టేస్తారు కాబట్టి.
నేను పదహారేళ్లుగా ఉన్నాను, జపనీస్ భాషా పరీక్షలో పై మెట్టు ఎన్1 పాసయ్యాను, డబ్బాల వెనక అక్షరాలు చదవగలను. మిసో సూప్‌లో దాషి, ఇనారి సుషిలో దాషి, కొన్బిని దుకాణాల్లో దొరికే ఉమె ఒనిగిరిలో (పుల్లటి కాయ పెట్టిన అన్నం ముద్దలో) కూడా కొన్నింట్లో కత్సువో ఎక్స్‌ట్రాక్టు.

సోబా_సుబ్బారావు
అడిగినవాళ్లకి ధైర్యం చెప్పాలి గానీ ఇలా భయపెడతారా? మా ఆఫీసు క్యాంటీన్లో అడిగాను, "సకానా లేదు" అన్నారు.

ఎన్1_ఏకలవ్య
సకానా అంటే చేప. మీరు చేప ఉందా అన్నారు, వాళ్లు లేదన్నారు. దాషి వాళ్ల లెక్కలో చేప కాదు, రుచి. "దాషి దేంతో చేశారు" అని అడగాలి. ప్రశ్న తప్పయితే జవాబు ఒప్పయినా లాభం లేదు.

సోబా_సుబ్బారావు
పదహారేళ్లున్నారని అందరికీ మాస్టారైపోతారా? తెలియక తింటే పాపం లేదని మా అమ్మమ్మ చెప్పేది.

కొత్తిమీర_కట్ట
తెలియక తింటే సరే, ఇప్పుడు తెలిసిపోయిందిగా సుబ్బారావు గారూ 😂

సైతామా_మల్లన్న
అన్నా గిదేం లొల్లి. నా ముచ్చట ఇనుర్రి. పోయిన ఎండాకాలం టోక్యోల సుయికా కార్డు కొట్టి లోకల్ బండి ఎక్కిన, మిషిమాల దిగిన. గేటు తెరుచుకోలే. అతామి దాటితే వేరే జేఆర్ కంపెనీ అంట, ఒక దిక్కు కొట్టి ఎక్కి ఇంకో దిక్కు కొట్టి దిగుడు కుదరదంట. పైసలు నగదు కట్టించుకుని చీటీ రాసిచ్చిన్రు. వాపస్ వచ్చి ఆ చీటీ చూపించేదాక కార్డు పనిచెయ్యలే. తప్పు నాదే, బోర్డు రాసే ఉంది, నేను సూడలే.

రైలు_పిచ్చి_రాజు
లోకల్ బళ్లంటే గుర్తొచ్చింది. సెయిషున్ 18 టికెట్‌ని నాశనం చేశారు కదా! 12,050 యెన్లకి ఐదు రోజులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఐదుగురం ఒకే టికెట్ మీద ఒక రోజు కూడా పోయేవాళ్లం. 2024 చలికాలం నుంచి వరసగా ఐదు రోజులే, ఒక్కడే వాడాలి. 10,000కి మూడు రోజులదీ పెట్టారు, అదీ వరసగానే. ఉద్యోగస్థుడు వరసగా ఐదు రోజులు లోకల్ బళ్లలో కూర్చుంటే నడుము ఉంటుందా?

నిషికసాయి_అక్క
రాజు గారూ, డెబ్భైకి దగ్గరపడ్డ పెద్దాయన్ని తొమ్మిది గంటలు లోకల్ బండిలో కూర్చోబెట్టమంటారా?

రైలు_పిచ్చి_రాజు
నేను ఎక్కించమన్నానా? బాధ చెప్పుకున్నా.

కవాసాకి_కుర్రోడు
అందరికీ థాంక్స్. రెండో ప్రశ్న మీద ఎవరైనా... నాన్న వయసు 68, ఇంకా డెబ్భై రాలేదు, ఆయన చదివితే ఊరుకోరు.

ఎన్1_ఏకలవ్య
మీ నాన్నగారికి ఒక్కటే చోటు. కోయాసాన్. ఒసాకాలో నాన్బా నుంచి నాన్కాయ్ రైలు, గోకురకుబాషిలో దిగి కేబుల్ కారు, పైన బస్సు. (జేఆర్ పాస్ అక్కడ చెల్లదు, అది కూడా లెక్కలో వేసుకోండి.) ఎనిమిది వందల మీటర్ల ఎత్తు, కింద కంటే చల్లన. 816లో కూకాయ్ అనే బౌద్ధ గురువు స్థాపించిన క్షేత్రం. గుళ్లలోనే బస, షుకుబో అంటారు. పెట్టేది షోజిన్ ర్యోరి. చేప లేదు, మాంసం లేదు, ఉల్లి వెల్లుల్లి లేవు. దాషి కూడా కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో. అయినా బుక్ చేసేటప్పుడు ఒకసారి చెప్పండి.
ఆగస్టు 13న అక్కడి ఒకునోయిన్ శ్మశానం దారి పొడుగునా కొవ్వొత్తులు వెలిగిస్తారు. రెండు కిలోమీటర్లు, అటూ ఇటూ దేవదారు చెట్లు, రెండు లక్షలు పైచిలుకు సమాధులు.

కొత్తిమీర_కట్ట
సెలవులకి శ్మశానానికా! అమ్మగారు ఒప్పుకుంటారా?

సోబా_సుబ్బారావు
నాచు మాత్రం శాకాహారమా? సముద్రంలోదే కదా.

ఎన్1_ఏకలవ్య
ఉప్పు కూడా సముద్రంలోదే.

గున్మా_గోదారి
ఇద్దరూ ఆపండి బాబూ. ఎవరి దగ్గరైనా గోంగూర ఉందా? నేను రెండేళ్లుగా కుండీలో వేస్తున్నా, ఆకు చేతికొచ్చేసరికి తుపాను వస్తోంది.

నిషికసాయి_అక్క
గోంగూర లేకపోతే మొరోహెయా ఆకుకూర కొనండి, ఎండాకాలం ఏ సూపర్‌మార్కెట్లో అయినా దొరుకుతుంది. కాస్త జిగురు. చింతపండు ఎక్కువేసి పప్పు చేస్తే సర్దుకుంటుంది. ఇండియా నుంచి కరివేపాకు, మామిడిపళ్లు మాత్రం తెప్పించకండి. మా అత్తగారి బంగినపల్లి పళ్లు ఎయిర్‌పోర్టు క్వారంటైన్‌లోనే ఉండిపోయాయి. ఆవిడ వచ్చిన మూడు వారాలూ ఆ పళ్ల గురించే మాట్లాడారు.

గున్మా_గోదారి
మొరోహెయా గోంగూరకి ప్రత్యామ్నాయమా? అక్కా, మీరు ఏ జిల్లా?

*(ఇక్కడి నుంచి పదకొండు పోస్టులు గోంగూర మీద. తూర్పు, పశ్చిమ, గుంటూరు మూడు జిల్లాలూ రంగంలోకి దిగడంతో అడ్మిన్ తొలగించారు.)*

కవాసాకి_కుర్రోడు (ఆగస్టు 18)
వెళ్లొచ్చాం. సూట్‌కేసు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి తర్వాతివాళ్ల కోసం రాస్తున్నా. టోకాయిదో షింకన్‌సెన్‌లో మూడు కొలతలూ కలిపి 160 సెం.మీ. దాటితే సామాను చోటున్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, లేకపోతే 1,000 యెన్లు. మావి 158. బతికిపోయాం.
క్యోటోలో రెండో రోజే నాన్న హోటల్ ఏసీ కింద నుంచి కదల్లేదు. ఏలూరు మాట మళ్లీ ఎత్తలేదు.
కోయాసాన్‌లో మాత్రం వేరే మనిషి. గోమా దోఫు పెడితే "నువ్వులతో జున్ను చేశార్రా" అని అమ్మది కూడా తినేశారు. సమాధి రాళ్ల మీద సిద్ధం అనే పాత సంస్కృత లిపిలో అక్షరాలుంటాయి. మా బసలో ఉన్న స్వామి ఒక్కోటీ చూపించి "క్యా, కా, రా, బా, ఆ" అని చదివితే, నాన్న ఆగి "ఖ, హ, ర, వ, అ కదయ్యా, ఆకాశం, వాయువు, అగ్ని, నీరు, భూమి" అన్నారు. ఆయన సంస్కృతం మాస్టారుగా రిటైరయ్యారు లెండి. స్వామి నోట్‌బుక్ తెచ్చుకున్నాడు. గంటసేపు. అనువదించలేక నా పని అయిపోయింది. ఏకలవ్య గారికి దండం.

ఎన్1_ఏకలవ్య
చెప్పానా.

కొత్తిమీర_కట్ట
అమ్మగారు ఏమన్నారు?

కవాసాకి_కుర్రోడు
"ఇంత దూరం తీసుకొచ్చి సమాధులు చూపించారు" అని పిన్నికి ఫోన్లో చెప్తుంటే విన్నాను.

సోబా_సుబ్బారావు
నేను ఇప్పుడు త్సుయు లేకుండా సోబా తింటున్నాను. ఉప్పు చల్లుకుని. బాగాలేదు.