అప్‌డేట్: ఆర్ లూప్‌లో తేదీ నంబరైపోవడం, సమస్య తీరింది

గుంటూరు మిర్చి యార్డు రాబడుల షీటులో తేదీల కాలమ్‌ మీద ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఫర్ లూప్ (ఒక్కో విలువకీ అదే పని మళ్లీ చేసే కోడ్) తిప్పితే 2024-01-15 బదులు 19737 వస్తోందని అడిగాను కదా. డేటా పాడవలేదు. ఆర్‌లో డేట్ అంటే లోపల 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజులే. పైన 'డేట్' అనే క్లాస్ చీటీ అంటించి ఉంటుంది. ఫర్ ఆ చీటీ పీకేసి ఉత్త అంకె చేతిలో పెడుతుంది.

మీరు చెప్పినట్టే సీక్_అలాంగ్‌తో వరస నంబర్లు తిప్పి, లోపల తేదీలు[ఐ] అని తీసుకుంటే సరిపోయింది. యాజ్.లిస్ట్‌లో చుట్టి తిప్పినా క్లాస్ నిలుస్తుంది.

అసలు తలనొప్పి ఇఫ్ఎల్స్ (షరతు నిజమైతే ఒకటి, కాకపోతే ఇంకోటి ఇచ్చే ఫంక్షన్) దగ్గర. ఖాళీ తేదీలు నింపబోతే అదీ క్లాస్ ఊడబెరికింది, ఎర్రర్ మాట కూడా లేదు! ఈజ్.ఎన్ఏతో ఖాళీ గడులు పట్టుకుని వాటిలోకే నేరుగా తేదీ వేస్తే కాలమ్ చెక్కుచెదరలేదు. డీప్లైర్ అనే ఆర్ ప్యాకేజీ వాడేవాళ్లకు క్లాస్ ఊడని ఇఫ్_ఎల్స్ ఉంది, అండర్‌స్కోర్ మరవొద్దు.

టైము కూడా ఉన్న పోసిక్స్‌సీటీ కాలమ్‌దీ ఇదే వరస, కాకపోతే రోజులు కాదు, సెకన్లు: 2024-01-15న మన ఉదయం 5:30 అంటే 1705276800. అందుకే తేదీగా మార్చేటప్పుడు టైమ్‌జోన్ చెప్పే టీజెడ్‌కి 'ఏషియా/కోల్‌కతా' రాస్తున్నాను. మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలో మారిస్తే తెల్లవారుజామున 4 గంటలకు దిగిన లారీ నిన్నటి ఖాతాలో పడుతుంది.