పాస్టర్లకు, సంఘ పెద్దలకు కుల వివక్షపై శిక్షణ ఇచ్చేవారు ఉన్నారా?

మాది పరకాల దగ్గర పల్లె. చర్చిలో నేను సంఘ పెద్దను. ప్రభురాత్రి భోజనంలో అందరం ఒకే రొట్టె తీసుకుంటాం. పెళ్లి మాట రాగానే మాల, మాదిగ అని విడిపోతాం. మొన్న కమిటీ ఎన్నికల్లోనూ అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమెరికాలోని ఎపిస్కోపల్ చర్చి 2000లోనే తన గురువులకు, సంఘ నాయకులకు జాతి వివక్ష వ్యతిరేక శిక్షణ తప్పనిసరి అని తీర్మానించింది. కులం గురించి అలాంటి శిక్షణ వరంగల్, హనుమకొండ వైపు తెలుగులో ఎవరైనా ఇస్తున్నారా? ప్రసంగాలు చాలా విన్నాం. గాయపడినవారి మాట ముందుగా వినిపించేవారు కావాలి.

మొదటి రోజే రెండు వర్గాలనూ కలిపి కూర్చోబెట్టాలా, ముందు విడివిడిగా మాట్లాడాలా? మీ సంఘంలో ప్రయత్నించి ఉంటే, ఎక్కడ బెడిసికొట్టిందో కూడా దయచేసి రాయండి. మా పాస్టరుగారు ఒప్పుకున్నారు. క్రిస్మస్‌లోపే మొదలుపెట్టాలని ఉంది.