సెకండ్ హ్యాండ్ సిగ్నల్ జనరేటర్: లోపం దానిదా, మనం కొలిచే దారిదా?

కొత్త_బెంచ్:
సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫంక్షన్ జనరేటర్ (రకరకాల ఆకారాల సిగ్నళ్లు పుట్టించే పరికరం) తీసుకున్నాను. నా స్కోప్ (ఆసిలోస్కోప్, వోల్టేజీని గ్రాఫ్‌లా చూపించేది) 100 మెగాహెర్ట్జ్‌ది. ప్రోబ్‌ను నేరుగా అవుట్‌పుట్ దగ్గర పెట్టి 10 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ చూస్తున్నాను. 1 వోల్ట్ పీక్-టు-పీక్ సెట్ చేస్తే స్కోప్‌లో 2 వోల్టులు చూపిస్తోంది. మాన్యువల్‌లో రైజ్ టైమ్ (సిగ్నల్ కింది నుంచి పైకి ఎక్కడానికి పట్టే సమయం) 2.5 నానోసెకన్లని ఉంటే నాకు 4.3 వస్తోంది. అంచు దగ్గర రింగింగ్ (గీత అలల్లా ఊగడం) కూడా గట్టిగానే ఉంది. వెనక్కి ఇవ్వడానికి ఇంకా గడువు ఉంది. ఇచ్చేయమంటారా?

టంకం_పొగ:
తొందరపడకండి. మీరు చెప్పినదాన్ని బట్టి జనరేటర్ బాగానే ఉన్నట్టుంది.

రెట్టింపు వోల్టేజీ సంగతి తేలికే. జనరేటర్ లోపల 50 ఓముల సోర్స్ రెసిస్టెన్స్ ఉంటుంది. అవతల కూడా 50 ఓముల లోడ్ ఉందనుకుని డిస్‌ప్లే మీద అంకె చూపిస్తుంది. మీ ప్రోబ్ అసలు లోడే కాదు, అందుకే మొత్తం వోల్టేజీ కనిపిస్తోంది. మెనూలో లోడ్‌ను హై-జెడ్‌కు మార్చమని (అంటే అవతల లోడ్ దాదాపు లేదని చెప్పమని) కొందరు చెబుతారు. చాలా మోడళ్లలో దానివల్ల మారేది డిస్‌ప్లే అంకె మాత్రమే, కేబుల్ వాడితే దాని చివర లోడ్ సరిపోక వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్ (రిఫ్లెక్షన్) అలాగే ఉంటుంది.

ఇక రైజ్ టైమ్. మీ స్కోప్ బాగా చూపించగల ఫ్రీక్వెన్సీ హద్దు, అంటే బ్యాండ్‌విడ్త్, 100 మెగాహెర్ట్జ్. 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే మీ స్కోప్ సొంత రైజ్ టైమ్ 3.5 నానోసెకన్లు. రెండు రైజ్ టైములు కలిసేటప్పుడు వాటి వర్గాలు కూడుతాయి. 2.5 వర్గం 6.25, 3.5 వర్గం 12.25, కలిపితే 18.5. దాని వర్గమూలం 4.3. మీకు వచ్చిన అంకె సరిగ్గా అదే!

హ్యామ్_కోస్తా:
రింగింగ్‌లో ఒక అల నుంచి ఇంకో అలకు ఎంత టైమ్ ఉంది? ప్రోబ్ గ్రౌండ్‌కు మొసలి క్లిప్పున్న పొడుగు వైరే వాడుతున్నారా?

కొత్త_బెంచ్:
7, 8 నానోసెకన్ల మధ్య ఉంది సార్. అవును, ప్రోబ్‌తో వచ్చిన వైరే. 15 సెంటీమీటర్లు ఉంటుంది.

హ్యామ్_కోస్తా:
అయితే అనుమానం ఆ వైరు మీదే. మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ చొప్పున 15 సెంటీమీటర్లకు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్. ప్రోబ్ కొన దగ్గర ఓ 10 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి 130 మెగాహెర్ట్జ్ దగ్గర రెసొనేట్ అవుతాయి (ఆ ఫ్రీక్వెన్సీలో తమంతట తామే ఊగుతాయి), అంటే ఒక్కో అలకు 7.7 నానోసెకన్లు. నమ్మకం కుదరకపోతే వైరును వేళ్లతో పట్టుకోండి, దగ్గరకు మడవండి. రింగింగ్ ఆకారం మారితే అది జనరేటర్‌ది కాదు. ప్రోబ్ టిప్ మీద టోపీ తీసేసి, డబ్బాలో వచ్చిన చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టి చూడండి. చాలామంది ఆ స్ప్రింగ్‌ను డబ్బాలోంచి బయటికే తీయరు.

పాత_స్కోప్:
ఈ పనికి ప్రోబే వద్దంటాను. 50 ఓముల కేబుల్ వేసి, స్కోప్ ఇన్‌పుట్ దగ్గర ఫీడ్-త్రూ టెర్మినేటర్ (సిగ్నల్‌ను స్కోప్‌కు పంపుతూనే 50 ఓముల లోడ్‌గా పనిచేసే చిన్న ముక్క) పెట్టండి. టెర్మినేటర్ జనరేటర్ వైపు కాదు, స్కోప్ వైపే ఉండాలి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు మాత్రం కేబుల్ మీద రాసింది చదవండి. సీసీటీవీకి వాడే ఆర్‌జీ-59 కూడా బీఎన్‌సీ కనెక్టర్‌తోనే వస్తుంది, కానీ అది 75 ఓములది. దాని చివర 50 ఓములు పెడితే వోల్టేజీలో 20 శాతం వెనక్కి తిరిగొస్తుంది.

ఆర్ఎఫ్_బెంచ్:
గిగాహెర్ట్జ్‌లో పనిచేసేవాళ్ల కోసం నా వంతు. మా దగ్గరికి 'లెవెల్ తక్కువొస్తోంది' అని వచ్చే జనరేటర్లలో చాలావాటికి అసలు జబ్బు కేబులే. సన్నటి కేబుల్ ఆర్‌జీ-174 అయితే 1 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 1 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) పైనే తినేస్తుంది. రెండు మీటర్లు వాడి, 0 డీబీఎం (1 మిల్లీవాట్) రాలేదని జనరేటర్ మూత విప్పేస్తారు. ముందు ఒక కేబుల్‌తో రీడింగ్ తీసుకోండి. తర్వాత అలాంటిదే ఇంకోటి, రెండు కేబుళ్లను జోడించే బ్యారెల్‌తో కలిపి మళ్లీ తీసుకోండి. తేడా ఎంతో, రెండో కేబుల్, బ్యారెల్ కలిపి తిన్నది అంతే.

ఎస్‌ఎంఏ (గిగాహెర్ట్జ్ పనుల్లో వాడే చిన్న స్క్రూ కనెక్టర్) బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిప్పాలి. కేబుల్‌ను పట్టుకుని తిప్పితే మధ్య పిన్ను అరిగిపోతుంది. దాంతో ఈరోజు వచ్చిన రీడింగ్ రేపు రాదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, మంచి అడాప్టర్లు ఇలాగే పాడైపోతున్నాయి. టార్క్ రెంచ్ (కావలసినంత బలంతోనే బిగించే పానా) కొనడం దండగ అనుకోకండి. ఇత్తడి ఎస్‌ఎంఏకి సుమారు 0.56 న్యూటన్-మీటర్లు చాలు.

ఇంకొకటి, జనరేటర్ అవుట్‌పుట్‌కు 10 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ను అంత మేర తగ్గించే ముక్క) తగిలించండి. రిఫ్లెక్షన్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాన్ని దాటాలి కాబట్టి 20 డీబీ తగ్గుతుంది. ప్యాడ్ పెట్టాక రీడింగ్ ఫ్రీక్వెన్సీతో పాటు ఎగుడుదిగుడుగా ఊగడం ఆగితే, ఆ ఊగడం ఓముల మిస్‌మ్యాచ్ వల్లే.

కొత్త_బెంచ్:
కేబుల్, ఫీడ్-త్రూ టెర్మినేటర్ పెట్టి చూశాను. 1 వోల్ట్ సెట్ చేస్తే 1 వోల్టే వస్తోంది. రింగింగ్ దాదాపు పోయింది. రైజ్ టైమ్ 4.3 దగ్గరే ఉంది, అది స్కోప్ లెక్కే అని అర్థమైంది. జనరేటర్ ఉంచేసుకుంటున్నాను. అందరికీ థ్యాంక్స్.

ఇంకో డౌట్. సైన్ వేవ్ పెట్టి ఫ్రెండ్ దగ్గరున్న, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపించే స్పెక్ట్రమ్ అనలైజర్‌లో చూస్తే రెండో హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర ఇంకో గీత) కనిపిస్తోంది. అది జనరేటర్‌దేనా?

ఆర్ఎఫ్_బెంచ్:
అనలైజర్ ఇన్‌పుట్ అటెన్యుయేషన్‌ను (లోపలికొచ్చే సిగ్నల్‌ను తగ్గించే సెట్టింగ్) 10 డీబీ పెంచండి. స్క్రీన్ మీద మెయిన్ గీత ఉన్నచోటే ఉండి హార్మోనిక్ మాత్రం దిగితే, అది అనలైజర్ లోపలి మిక్సర్ సర్క్యూట్ పుట్టిస్తున్నది. రెండూ కదలకపోతే జనరేటర్‌ది. ఏదొచ్చిందో ఇక్కడే రాయండి, అవసరమైతే పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో-పాస్ ఫిల్టర్ సంగతి చూద్దాం.