మెయిన్ కూన్‌కి పచ్చి చికెనా, ప్యాకెట్ ఫుడ్డా?

తోకచుక్క:
మావాడు మెయిన్ కూన్ అనే పెద్ద జాతి పిల్లి, 10 నెలలు, 5.5 కిలోలు. ఇప్పటిదాకా కిటెన్ డ్రై ఫుడ్డే. తెలిసినాయన ఒకాయన ఆ గింజలు మానేసి పచ్చి చికెన్ పెట్టు, ఇంత పెద్ద ఒళ్లకి ఎముక బలం కావాలి, అడవిలో పిల్లులు బిస్కెట్లు తింటాయా అన్నాడు. అప్పట్నుంచీ ఒకటే అనుమానం. ఏం చేయమంటారు?

వేటగత్తె:
పచ్చిదే పెట్టండి, ఆలోచించకండి. మా రాగ్‌డాల్ జాతి పిల్లికి రెండేళ్లుగా అదే, బొచ్చు పట్టులా ఉంది, లిట్టర్ (అది మలమూత్రాలకి వెళ్లే ఇసుక) వాసన కూడా బాగా తగ్గింది.

మీసాలరాయుడు:
ఎలకని పట్టిన పిల్లి ఒట్టి కండ తిని వదిలేయదు కదండీ, ఎముక, లివరు, గుండె అన్నీ నమిలేస్తుంది. ఒట్టి చికెన్ ముక్కల్లో ఫాస్ఫరస్ బోలెడు, కాల్షియం దాదాపు లేనట్టే, ఆ లోటుకి ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. ఎముక బలానికని మొదలుపెట్టి ఉన్న ఎముక గుల్ల చేసుకోవడం! పైగా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఒకటి, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు.

వేటగత్తె:
ప్యాకెట్ మాత్రం అమృతమా? 1987లో అమెరికాలో, కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పాల్ పియన్ అనే వెటర్నరీ డాక్టర్ వాళ్లు టారిన్ (పిల్లులకి తిండిలోంచే అందాల్సిన పోషకం) తక్కువై గుండె పెద్దదవుతోందని తేల్చింది కంపెనీ ఫుడ్ తిన్న పిల్లుల్లోనేగా. నేను డాక్టర్ రాసిచ్చిన కొలతలతో, టారిన్ కలిపి, గ్రాముల్లో తూచి పెడతాను.

మీసాలరాయుడు:
అదిగో, ఆ తూకం సంగతి ముందు చెప్పాలి కదా! "పచ్చిదే పెట్టండి" అని ఊరుకుంటే వాళ్లు చికెన్ కోసి గిన్నెలో వేసేస్తారు. టారిన్ విషయం నిజమే, ఆ తర్వాతే కంపెనీలు మోతాదు పెంచాయి. కాకపోతే మెయిన్ కూన్లకి జన్యువుల్లోంచి వచ్చే గుండె జబ్బు వేరు, అది తిండితో ఆగదు, స్కాన్ చేయించాల్సిందే.

రాత్రిడ్యూటీ:
మీరిద్దరూ నీళ్ల సంగతి వదిలేశారు. మా మగపిల్లి డ్రై ఫుడ్ మీదే పెరిగింది, నాలుగో ఏట ఓ రాత్రి లిట్టర్ బాక్స్‌లో కూర్చుని ఒకటే అరుపు, చుక్క మూత్రం రాలేదు. అర్ధరాత్రి ఎత్తుకుని పరిగెత్తాం. అందుకే నేను తడిగా ఉండే వెట్ ఫుడ్ వైపు. లేబుల్ మీద ప్రొటీన్ 10 శాతమే అని తీసిపారేయకండి, అందులో 78 శాతం నీళ్లే, అవి తీసేసి లెక్కేస్తే 45 దాటుతుంది. డ్రైలో 32 అని ఉన్నది అదే లెక్కలో 36 లోపే. ఇంకోటి, ఈ జాతి మూడు నాలుగేళ్ల దాకా పెరుగుతూనే ఉంటుంది, ఏడాది నిండిందని టక్కున అడల్ట్ ఫుడ్‌కి మార్చకుండా డాక్టర్ని అడగండి. అలాగని పెద్ద జాతి కదా అని గిన్నె నింపేయకండి, కొవ్వు వేరు, సైజు వేరు. పక్కటెముకలు చేతికి తగలాలి.

తోకచుక్క:
సరే, పచ్చిది పక్కన పెట్టా, ఆ తూకాలు నావల్ల కాదు. కానీ వీడు వెట్ ఫుడ్ మూత తీస్తే వాసన చూసి, గిన్నె చుట్టూ నేల గీకి, ఇసుక కప్పినట్టు కప్పేసి వెళ్లిపోతాడు!

రాత్రిడ్యూటీ:
హహ, మావాడూ అంతే. ఫ్రిజ్ చలి పోయేలా గోరువెచ్చగా చేసి, పైన నాలుగు డ్రై గింజలు నలిపి చల్లండి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాత్రం పస్తు పెట్టకండి, పిల్లికి రెండు మూడు రోజులు తిండి లేకపోతే లివర్‌కి కొవ్వు పడుతుంది.